డూప్లికేట్ నిర్వచన దోషం

వ్యాపార నియమాల సాఫ్టువేరులో ఒకే పరిధిలో, ఒకే పేరుతో రెండు నిర్వచనాలు ఎదురైనపుడు ఏర్పడే దోషాన్ని '''డూప్లికేట్ నిర్వచన దోషం''' అంటారు. ఆ పేరు ఒక నియమానిది కావచ్చు, ఒక సమాచార రకానిది కావచ్చు, ఒక ప్రమేయానిది లేదా చరరాశిది కూడా కావచ్చు. కొన్ని సాఫ్టువేర్లు ఈ పరిస్థితిలో దోష సందేశం ఇచ్చి ఆగిపోతాయి. మరికొన్ని పాత నిర్వచనాన్ని తీసివేసి కొత్తదాన్ని దాని స్థానంలో ఉంచి ముందుకు సాగుతాయి. పైకి మొదటిది ఇబ్బందిగాను, రెండవది సౌకర్యంగాను కనిపిస్తాయి. కానీ పన్ను, వడ్డీ, బీమా, రాయితీ వంటి లెక్కలను నియమాలే నిర్ణయించే చోట, ఏ నిర్వచనం అమలులో ఉందో తెలియకపోవడం దోష సందేశం కంటే ఎక్కువ ప్రమాదకరం. అందువలన ఈ దోషాన్ని సరిదిద్దడం అంటే సందేశం రాకుండా చేయడం కాదు, రెండు నిర్వచనాలలో ఏది ఎప్పుడు వర్తించాలో తేల్చడం.

== నేపథ్యం ==

ఒక సంస్థ తన నిర్ణయాలను ఏ షరతుల మీద తీసుకుంటుందో తెలిపే వాక్యాలను వ్యాపార నియమాలు అంటారు. "ఖాతాదారు వయసు 60 దాటితే అర శాతం అదనపు వడ్డీ ఇవ్వాలి" అనేది అటువంటి నియమానికి ఒక నమూనా. ఇటువంటి నియమాలను ప్రధాన ప్రోగ్రాములో కలిపి రాయకుండా విడిగా రాసి, వాటిని అమలు చేసే పనిని రూల్ ఇంజన్ అనే భాగానికి అప్పగించడం వ్యాపార నియమాల సాఫ్టువేరు ముఖ్య లక్షణం. నియమం మారినపుడు ప్రోగ్రామంతా తిరగరాయనవసరం లేకపోవడం దీనివలన కలిగే లాభం.

ఈ సాఫ్టువేర్ల మూలాలు కృత్రిమ మేధ పరిశోధనలో ఉన్నాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ ఫర్గీ 1970లలో రీటీ అనే అల్గారిథమ్‌ను రూపొందించాడు. అనేక నియమాలను అనేక సమాచార అంశాలతో వేగంగా సరిపోల్చడానికి ఇది ఉపయోగపడుతుంది. దీనిపై ఆయన రాసిన ప్రసిద్ధ పత్రం 1982లో వెలువడింది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మెక్‌డెర్మట్ 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను కోసం ఎక్స్‌కాన్ అనే వ్యవస్థను ఆరంభించాడు. కొనుగోలుదారు కోరిన వాక్స్ కంప్యూటరుకు ఏ ఏ భాగాలు జతచేయాలో అది నిర్ణయించేది. అందులోని నియమాల సంఖ్య వందల నుండి వేలకు పెరిగింది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో 1985లో క్లిప్స్ రూపుదిద్దుకుంది. శాండియా జాతీయ ప్రయోగశాలలో 1995లో ఎర్నెస్ట్ ఫ్రీడ్‌మన్-హిల్ జావా భాషలో జెస్ అనే ఇంజన్‌ను మొదలుపెట్టాడు. 2001లో బాబ్ మెక్‌విర్టర్ ఆరంభించిన డ్రూల్స్ స్వేచ్ఛా సాఫ్టువేరుగా విస్తృత ప్రచారం పొందింది. అది 2005లో జేబాస్ సంస్థలో చేరి, 2006లో రెడ్ హ్యాట్ జేబాస్‌ను కొనుగోలు చేయడంతో ఆ సంస్థ పరిధిలోకి వచ్చింది. 2023లో అపాచీ సాఫ్టువేర్ ఫౌండేషను ఇంక్యుబేటరులో ప్రవేశించింది. ఫ్రెంచి సంస్థ ఐలాగ్ తయారుచేసిన జేరూల్స్, 2009లో ఆ సంస్థ ఐబిఎమ్‌లో విలీనమైన తరువాత ఆపరేషనల్ డెసిషన్ మేనేజర్ అనే పేరుతో కొనసాగింది. నిర్ణయాలను బొమ్మలు, పట్టికల రూపంలో రాసే డి.ఎమ్.ఎన్. అనే ప్రమాణాన్ని ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 2015లో విడుదల చేసింది.

పదుల సంఖ్యలో నియమాలు ఉన్నప్పుడు పేర్ల విషయంలో పెద్దగా చిక్కు ఉండదు. నియమాలు వేలకు చేరి, వాటిని పలువురు వేర్వేరు ఫైళ్ళలో రాస్తున్నపుడు ఒకే పేరు రెండు చోట్ల పడడం సాధారణమవుతుంది.

== పేరు, పరిధి ==

ఒకే పేరు రెండుసార్లు రావడం ప్రతిసారీ దోషం కాదు. ఒకే వీధిలో ఇద్దరు రామారావులు ఉంటే ఉత్తరాలు తారుమారవుతాయి గానీ, వేర్వేరు ఊళ్ళలో ఉంటే కావు. నియమాల సాఫ్టువేరులో ఊరి వంటి ఈ హద్దును పరిధి అంటారు. డ్రూల్స్‌లో దీనిని ప్యాకేజీ అని, క్లిప్స్‌లో మాడ్యూలు అని, డి.ఎమ్.ఎన్.లో నేమ్‌స్పేస్ గల నమూనా అని పిలుస్తారు. ఒక పరిధిలో ఒక పేరు ఒకదానికే ఉండాలి. పరిధి పేరు, అంశం పేరు కలిపితే వచ్చేదే పూర్తి పేరు.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటుంది. ఫైలు వేరైతే పరిధి కూడా వేరని కొత్తగా నేర్చుకునేవారు భావిస్తారు. డ్రూల్స్‌లో పరిధిని నిర్ణయించేది ఫైలు కాదు, ఫైలు మొదట్లో రాసిన ప్యాకేజీ పేరు. పది ఫైళ్ళలో ఒకే ప్యాకేజీ పేరు ఉంటే ఆ పదీ కలిసి ఒకే పరిధి అవుతాయి.

== రకాలు ==

డూప్లికేట్ నిర్వచన దోషాలలో ముఖ్యమైనవి ఇవి:

* '''నియమం పేరు:''' ఒకే ప్యాకేజీలో రెండు నియమాలకు ఒకే పేరు ఉండడం. డ్రూల్స్‌లో "డూప్లికేట్ రూల్ నేమ్" అనే సందేశం వస్తుంది.
* '''సమాచార రకం:''' నియమాల ఫైలులో ఒక రకాన్ని దాని అంశాలతో సహా ప్రకటించగా, అదే పేరుతో జావా క్లాసు అప్పటికే ఉండడం. దీనికి డ్రూల్స్ ఇచ్చే సందేశం "డూప్లికేట్ టైప్ డెఫినిషన్" అని మొదలవుతుంది. ఇంతకు ముందు లేని క్లాసులకు మాత్రమే అంశాలను నియమాల ఫైలులో నిర్వచించవచ్చునని కూడా అది తెలుపుతుంది.
* '''చరరాశి:''' ఒకే నియమంలో ఒకే చరరాశిని రెండు షరతులలో కొత్తగా ప్రకటించడం. ఒక షరతును నకలు చేసి దాని కిందనే అతికించినపుడు ఇది ఎక్కువగా వస్తుంది.
* '''ప్రమేయం:''' పలు నియమాలు వాడుకునే లెక్కను ఒకే పేరుతో రెండు చోట్ల రాయడం.
* '''నియమ సంచయం:''' డ్రూల్స్ ఆరవ రూపాంతరం నుండి నియమ సంచయాలకు పేర్లు పెట్టి, వాటిలో ఒకదానిని అప్రమేయ సంచయంగా గుర్తించవచ్చు. అటువంటివి ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే ఇంజన్ వాటన్నిటికీ ఆ గుర్తింపును రద్దు చేసి, ఇకపై పేరుతోనే పిలవాలని హెచ్చరిస్తుంది.
* '''నిర్ణయ నమూనాలోని పేర్లు:''' డి.ఎమ్.ఎన్. ప్రమాణం ప్రకారం ఒక నమూనాలోని నిర్ణయాలు, ఇన్‌పుట్ సమాచారం, దిగుమతులు మొదలైన వాటి పేర్లు ఒకదానితో ఒకటి కలవరాదు.

== వివిధ సాఫ్టువేర్ల ప్రవర్తన ==

ఒకే పేరు రెండవసారి కనిపించినపుడు ఏమి చేయాలన్న దానిపై అన్ని సాఫ్టువేర్లదీ ఒకే పద్ధతి కాదు.

క్లిప్స్‌లో ఉన్న నియమం పేరుతోనే మరొక నియమాన్ని రాస్తే పాతది తొలగి కొత్తది దాని స్థానంలో చేరుతుంది. దీనిని దోషంగా పరిగణించరు. నిర్వచనాల నమోదును తెరపై చూపే సదుపాయం పనిచేస్తుంటే, నియమాన్ని తిరిగి నిర్వచిస్తున్నట్లు ఒక పంక్తి కనిపిస్తుంది. ఒక్కొక్క నియమాన్ని తెర ముందు కూర్చొని దిద్దుకునే రోజులలో ఇది చాలా అనుకూలమైన పద్ధతి. అయితే సమాచార అంశాల అచ్చు వంటి నిర్వచనాల విషయంలో క్లిప్స్ కఠినంగా ఉంటుంది. వాడుకలో ఉన్న అచ్చును తిరిగి నిర్వచించడానికి అది అంగీకరించదు. ఒక మాడ్యూలు ఎగుమతి చేసిన పేరు మరొక మాడ్యూలులోని పేరుతో తలపడినా దోష సందేశం ఇస్తుంది.

డ్రూల్స్ ప్రవర్తన సందర్భాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఫైలులో ఒకే పేరుతో రెండు నియమాలుంటే అది దోషం. ఆరవ రూపాంతరం తరువాతి రూపాలలో, రెండు నియమాలు ఒకే ప్యాకేజీకి చెందిన వేర్వేరు ఫైళ్ళలో ఉన్నా అది దోషమే. కానీ అదే ఫైలు మరొకసారి చేరితే దానిని కొత్త రూపంగా భావించి పాత నియమాన్ని మార్చివేస్తుంది. ఈ మార్పును కేవలం సమాచారంగా తెలపాలా, హెచ్చరికగా చూపాలా, దోషంగా పరిగణించి ఆపివేయాలా అన్నది అమరికలలో ఎంచుకోవచ్చు. నియమాలకు, ప్రమేయాలకు, ప్రక్రియలకు ఈ తీవ్రతను విడివిడిగా నిర్ణయించే వీలుంది.

== కారణాలు ==

'''నకలు చేసి అతికించడం.''' కొత్త నియమం రాయడానికి పాతదాన్ని నకలు చేసి, లోపలి విలువలు మార్చి, పేరు మార్చడం మరచిపోవడం అన్నిటి కంటే సాధారణమైన కారణం.

'''ఫోల్డరులో మిగిలిన ఫైళ్ళు.''' ఒక ఫోల్డరులోని నియమ ఫైళ్ళన్నిటినీ ఇంజన్ చదివే ఏర్పాటు ఉన్నపుడు, ఎవరో భద్రత కోసం ఉంచుకున్న నకలు ఫైలు కూడా అందులో చేరుతుంది. బిల్డు ఫలితాలు చేరే ఫోల్డరును కూడా ఇంజన్ చదివితే ప్రతి నియమమూ రెండుసార్లు కనిపిస్తుంది.

'''నిర్ణయ పట్టికలు.''' డ్రూల్స్‌లో ఎక్సెల్ పట్టిక రూపంలో కూడా నియమాలు రాయవచ్చు. ఒక్కొక్క వరుస ఒక నియమం అవుతుంది. వరుసకు విడిగా పేరు ఇవ్వకపోతే పట్టిక పేరు, వరుస సంఖ్య కలిపి ఇంజనే పేరు తయారుచేస్తుంది. "రాయితీ" అనే పట్టికలో 12వ వరుస "రాయితీ_12" అవుతుంది. అదే పేరు గల పట్టిక అదే ప్యాకేజీకి చెందిన మరొక ఎక్సెల్ ఫైలులో ఉంటే, అక్కడి 12వ వరుసకు కూడా ఇదే పేరు వస్తుంది. ఈ పేరును ఏ మనిషీ రాయలేదు కనుక ఫైళ్ళలో ఎంత వెతికినా దొరకదు.

'''ఒకే గ్రంథాలయం రెండు రూపాలలో.''' నియమాలను మావెన్ వంటి బిల్డు పరికరాలతో జార్ ఫైలుగా కట్టి పంచుకునే చోట, ఒకే నియమ సముదాయం పాత, కొత్త రూపాలు రెండూ వేర్వేరు దారులలో ప్రోగ్రాములో చేరవచ్చు.

'''శాఖల విలీనం.''' ఇద్దరు వ్యక్తులు విడివిడి శాఖలలో ఒకే పేరుతో నియమాలు రాసి, తరువాత రెండు శాఖలనూ కలిపినపుడు మూల నియంత్రణ వ్యవస్థకు అభ్యంతరం కనిపించకపోవచ్చు. రెండు నియమాలు వేర్వేరు ఫైళ్ళలో ఉండటమే దీనికి కారణం. తలపడిన సంగతి ఇంజన్ చదివినపుడు గానీ బయటపడదు.

== ఉదాహరణ ==

భారతదేశంలో వస్తు సేవల పన్ను 2017 జూలై 1న అమలులోకి వచ్చింది. రోజుకు 7,500 రూపాయల లోపు అద్దె గల హోటలు గదిపై 12 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గింది. ఈ మార్పును ఒక హోటలు బిల్లుల వ్యవస్థలో చేర్చవలసి వచ్చిందని అనుకుందాం. పాత ఫైలులో నియమం ఇలా ఉంది:

: నియమం "గది పన్ను 7500 వరకు"
: ఎప్పుడు: గది అద్దె 7,500 లేదా అంతకు తక్కువ
: అప్పుడు: అద్దెలో 12 శాతం పన్నుగా చేర్చు

కొత్త ధరల కోసం మరొక ఫైలు సృష్టించి, ఈ నియమాన్నే నకలు చేసి, 12 స్థానంలో 5 వేశారు. పేరు మారలేదు, పాత ఫైలు కూడా అలాగే ఉంది. ఇపుడు 6,000 రూపాయల గదికి ఎంత పన్ను పడుతుందన్నది సాఫ్టువేరు ప్రవర్తనపై ఆధారపడుతుంది.

* డూప్లికేట్ పేరును దోషంగా పరిగణించే ఇంజన్ అయితే బిల్డు ఆగిపోతుంది. ఒక్క తప్పు బిల్లు కూడా వెలువడదు.
* పాతదాని స్థానంలో కొత్తదాన్ని ఉంచే ఇంజన్ అయితే చివరగా చదివిన ఫైలుదే చెల్లుబాటు. కొత్త ఫైలు చివర వస్తే 300 రూపాయలు, పాతది చివర వస్తే 720 రూపాయలు పన్ను పడుతుంది. ఫైళ్ళను చదివే క్రమం ఒక సర్వరులో ఒక విధంగా, మరొక సర్వరులో ఇంకొక విధంగా ఉంటే, ఒకే గదికి రెండు రకాల బిల్లులు వస్తాయి.
* దోష సందేశం చూసిన వ్యక్తి తొందరలో రెండవ నియమం పేరు చివర "కొత్త" అని చేర్చితే సందేశం పోతుంది. కానీ రెండు నియమాల షరతులూ ఒకటే కనుక రెండూ పనిచేస్తాయి. 720, 300 కలిసి 1,020 రూపాయలు, అంటే 17 శాతం పన్ను పడుతుంది.

మూడవ పరిస్థితి అన్నిటి కంటే చెడ్డది. చట్టంలో ఎన్నడూ లేని పన్ను బిల్లులో చేరింది, ఇంజన్ మాత్రం అంతా సవ్యంగా ఉందని చెబుతుంది.

సరైన పరిష్కారం రెండు నియమాలకు వేర్వేరు పేర్లు ఇచ్చి, రెండింటి షరతులలోనూ తేదీని చేర్చడం. పన్ను వర్తింపు తేదీ 2025 సెప్టెంబరు 22కు ముందుదైతే మొదటి నియమం, ఆ రోజు గానీ తరువాత గానీ అయితే రెండవ నియమం వర్తించాలి. పాత నియమాన్ని పూర్తిగా తొలగించరాదు. ఆగస్టు నెల బిల్లును తరువాత ఎప్పుడో సవరించవలసి వస్తే 12 శాతమే లెక్కించాలి.

డ్రూల్స్‌లో ఒక నియమం ఏ తేదీ నుండి మొదలవ్వాలో, ఏ తేదీన ముగియాలో తెలిపే గుణాలు ఉన్నాయి. ఇవి ఇంజన్ నడుస్తున్న సమయపు గడియారాన్ని చూస్తాయి గానీ బిల్లుపై ఉన్న తేదీని చూడవు. కనుక పాత లావాదేవీలను తిరిగి లెక్కించే అవసరం ఉన్న చోట తేదీని నియమపు షరతులోనే రాయడం మంచిది.

== దోష నివారణ పద్ధతి ==

# '''సందేశాన్ని పూర్తిగా చదవాలి.''' అందులో పేరు, ఫైలు, పంక్తి సంఖ్య ఉంటాయి. సాధారణంగా ఆ పంక్తి సంఖ్య ఇంజన్‌కు రెండవసారి ఎదురైన నిర్వచనానిది. మొదటిది ఎక్కడుందో సందేశంలో ఉండకపోవచ్చు. సందేశం చూపిన చోటే తప్పు ఉందని భావించరాదు.
# '''పేరును అన్ని చోట్లా వెతకాలి.''' నియమ ఫైళ్ళు, ఎక్సెల్ పట్టికలు, జతచేసిన జార్ ఫైళ్ళు, బిల్డు ఫోల్డర్లు అన్నీ చూడాలి. పేరు చివర కిందిగీత, సంఖ్య ఉంటే అది నిర్ణయ పట్టిక నుండి పుట్టిన పేరు కావచ్చు. అపుడు సంఖ్యను వదలి పట్టిక పేరుతో వెతకాలి.
# '''ఒకే పాఠమా, రెండు పాఠాలా అని తేల్చాలి.''' ఒకే ఫైలును ఇంజన్ రెండు దారులలో చదువుతుంటే నియమాలను ముట్టుకోనవసరం లేదు. చదివే దారిని సరిచేస్తే చాలు. నిజంగా రెండు పాఠాలుంటే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చాలి.
# '''అర్థాన్ని బట్టి నిర్ణయించాలి.''' రెండు పాఠాలూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే ఒకటి తొలగించవచ్చు. ఒకటి మరొకదాని సవరణ అయితే ఏది ఎప్పటి నుండి వర్తిస్తుందో ఆ నియమానికి బాధ్యులైనవారిని అడిగి, షరతులలో చేర్చాలి. రెండూ వేర్వేరు విషయాలైతే పేరు గానీ ప్యాకేజీ గానీ మార్చాలి. ఇది ప్రోగ్రామరు ఒక్కరే తీసుకోదగిన నిర్ణయం కాదు.
# '''పేరుపై ఆధారపడినవి చూసుకోవాలి.''' డ్రూల్స్‌లో ఒక నియమం మరొక నియమాన్ని పేరుతో విస్తరించవచ్చు. పరీక్షలు, తనిఖీ నివేదికలు కూడా నియమాల పేర్లను వాడుతుంటాయి. పేరు మార్చితే వాటినీ మార్చాలి.
# '''పాత బిల్డు ఫలితాలను తుడిచి మళ్ళీ బిల్డు చేయాలి.''' లేకపోతే తొలగించిన నియమం పాత ఫలితాలలో మిగిలి ఉండవచ్చు.
# '''ఫలితాన్ని పరీక్షించాలి.''' మార్పుకు ముందు, తరువాత నియమాల సంఖ్యను పోల్చాలి. జవాబు ముందే తెలిసిన కొన్ని లెక్కలను నడిపి, జవాబుతో పాటు ఏ ఏ నియమాలు పనిచేశాయో కూడా నమోదు చేసి చూడాలి. పై ఉదాహరణలో రెండు పన్ను నియమాలు ఒకేసారి పనిచేయడం ఇటువంటి నమోదులో వెంటనే కనబడుతుంది.

== సందేశం రాని డూప్లికేట్లు ==

కొన్ని నకళ్ళను ఇంజన్ గుర్తించలేదు. మనిషికి ఒకటిగా కనిపించే రెండు పేర్లు కంప్యూటరుకు వేర్వేరుగా ఉండడం ఇందుకు ఒక కారణం. పేరు చివర ఒక ఖాళీ ఎక్కువైనా, పెద్ద, చిన్న ఆంగ్ల అక్షరాలు మారినా అది వేరే పేరే. నియమాల పేర్లను తెలుగులో రాసేవారికి ఈ చిక్కు మరికొంత ఎక్కువ. "లోన్" వంటి పదం చివరి పొల్లు తరువాత, కంటికి కనిపించని విడదీత గుర్తు ఉన్నా లేకపోయినా తెరపై ఒకే విధంగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు దీర్ఘం గుర్తును చేర్చి రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. ఇవి యూనికోడ్ ప్రకారం సమానమైనవే అయినా, ముందుగా ఒకే రూపానికి తేకుండా పోల్చే ప్రోగ్రాముకు వేర్వేరు. అటువంటి సందర్భంలో ఇంజన్ దోషం చూపదు, రెండు నియమాలూ పనిచేస్తాయి.

రెండవ కారణం జావా క్లాసులకు సంబంధించినది. జావాలో ఒక క్లాసు గుర్తింపు దాని పేరుతో పాటు దానిని లోడు చేసిన క్లాస్‌లోడరుపై కూడా ఆధారపడుతుంది. ఒకే క్లాసును రెండు క్లాస్‌లోడర్లు లోడు చేస్తే అవి జావా దృష్టిలో రెండు వేర్వేరు రకాలు. నియమం ఒక రకాన్ని ఎదురుచూస్తుంటే ప్రోగ్రాము రెండవ రకాన్ని అందిస్తుంది. ఏ సందేశమూ రాకుండా నియమం పనిచేయడం మానేస్తుంది. షరతులన్నీ సరిగా ఉండి కూడా నియమం పనిచేయకపోతే ఈ విషయాన్ని పరిశీలించాలి.

పేర్లు వేరైనా షరతులు ఒకదానిపై ఒకటి పడే నియమాలు మూడవ రకం. డి.ఎమ్.ఎన్. నిర్ణయ పట్టికలలో దీనికి ఒక ఏర్పాటు ఉంది. పట్టికకు "యూనిక్" అనే విధానాన్ని ఎంచుకుంటే ఏ సందర్భానికైనా ఒకే వరుస సరిపోవాలి, రెండు సరిపోతే అది దోషం. పై హోటలు ఉదాహరణను అటువంటి పట్టికగా రాసి ఉంటే, పేరు మార్చినంత మాత్రాన తప్పు దాగేది కాదు.

== ఒకే గుర్తుకు రెండు అర్థాలు ==

ఒక పేరుకు రెండు అర్థాలు మిగిలిపోతే ఏమి జరగవచ్చునో 2012లో అమెరికా స్టాక్ మార్కెట్లో జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది. అందులోని సాఫ్టువేరు రూల్ ఇంజన్ కాకపోయినా సమస్య స్వభావం ఇటువంటిదే. నైట్ క్యాపిటల్ అనే సంస్థ తన ఆర్డర్ల వ్యవస్థలో కొత్త ప్రోగ్రామును చేర్చి, దానిని నడిపించడానికి ఒక పాత గుర్తును తిరిగి వాడింది. ఆ గుర్తు అంతకు ముందు "పవర్ పెగ్" అనే మరొక ప్రోగ్రామును నడిపించేది. 2003 నుండి వాడుకలో లేని ఆ ప్రోగ్రామును సర్వర్ల నుండి తొలగించలేదు. ఎనిమిది సర్వర్లలో ఏడింటిలో మాత్రమే కొత్త ప్రోగ్రాము చేరింది. 2012 ఆగస్టు 1 ఉదయం ఆ గుర్తుతో వచ్చిన ఆర్డర్లకు ఏడు సర్వర్లు కొత్త అర్థం తీసుకోగా, ఎనిమిదవది పాత అర్థం తీసుకొని ఆగకుండా ఆర్డర్లు పంపింది. సుమారు 45 నిమిషాలలో సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషను 2013లో ఆ సంస్థపై 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

ఆ రెండు అర్థాలు వేర్వేరు సర్వర్లలో ఉన్నాయి. అందువలన ఒకేచోట పోల్చి చూసి, డూప్లికేట్ ఉందని చెప్పగల భాగం ఏదీ లేకపోయింది.

== ముందు జాగ్రత్తలు ==

* నియమం పేరులో విషయం, పరిమితి, అమలు తేదీ తెలిసేలా ఉంటే పేర్లు కలిసే అవకాశం తగ్గుతుంది. "పన్ను 1", "పన్ను 2" వంటి పేర్లకు బదులు "గది పన్ను 7500 వరకు 2025 సెప్టెంబరు 22 నుండి" వంటి పేరు మేలు.
* ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క ప్యాకేజీ కేటాయించి, ఆ ప్యాకేజీకి బాధ్యులెవరో నిర్ణయించాలి.
* నిర్ణయ పట్టికలలో ప్రతి పట్టికకు ప్రత్యేకమైన పేరు ఇవ్వాలి. వీలైతే వరుసలకు పేరు గడి కూడా పెట్టాలి.
* ఉన్న నియమాన్ని కొత్తది తొలగించే సందర్భాన్ని దోషంగా పరిగణించేలా ఇంజన్ అమరికలను మార్చుకోవాలి.
* వాడుకలో లేని నియమాలను నియమాల ఫోల్డరులో దాచరాదు. పాత రూపాలను భద్రపరచడం మూల నియంత్రణ వ్యవస్థ పని.
* పేరు మార్చి దోషాన్ని తొలగించిన ప్రతిసారీ, ఆ రెండు నియమాలు ఒకే సందర్భంలో కలిసి పనిచేస్తాయా అన్న పరీక్ష ఒకటి చేర్చాలి.

== ఇవి కూడా చూడండి ==

* కృత్రిమ మేధ
* నిపుణ వ్యవస్థలు
* జావా ప్రోగ్రామింగ్ భాష
* యూనికోడ్
* వస్తు సేవల పన్ను